రూటర్ పక్కన కూర్చుంటేనే పలికే వైఫై: ఒక ఉబుంటు ల్యాప్‌టాప్ కేస్ స్టడీ

ఈ కేసులో సరైన మందు ముందే ఒకసారి వేశారు. అది లోపలికి దిగలేదు. దిగిందో లేదో చూసుకోకుండా, మందే పనికిరాదని తేల్చేసి రెండు వారాలు వేరే దారులన్నీ తిరిగారు. ఆ తిరుగుడు ఎలా మొదలైంది, ఎక్కడ ఆగింది అన్నదే ఇక్కడి విషయం. ల్యాప్‌టాప్ ఎవరిదో, ఏ ఊరో, ఏ కంపెనీదో రాయడం లేదు. చిప్ పేరు, కర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) వెర్షన్లు, కొలిచిన అంకెలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఇచ్చాం.

ఒక మాట ముందే. కమాండ్లు, ఫైల్ పేర్లు ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలో ఉన్నాయి. టెర్మినల్‌లో కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టుకోవాలి, పెద్ద అక్షరాలు కావాల్సిన రెండు చోట్ల ఆ మాట అక్కడే చెప్పాం.

నేపథ్యం

ల్యాప్‌టాప్ ఒక చిన్న ట్యూషన్ సెంటర్‌ది. 2015 ప్రాంతపు మోడల్. అందులో విండోస్ 10, ఉబుంటు (లైనక్స్‌లో ఒక రకం) రెండూ ఉన్నాయి. రోజువారీ పని అంతా ఉబుంటులోనే. బిల్లుల సాఫ్ట్‌వేర్ ఒకటి విండోస్‌లో ఉండబట్టి దాన్ని తీసేయలేదు. ఆ విండోస్ మిగిలి ఉండటమే తర్వాత మనకు బాగా కలిసొచ్చింది.

ఉబుంటు 16.04, కర్నెల్ 4.15తో ఏళ్ల తరబడి నడిచింది. వైఫైతో ఏ ఇబ్బందీ లేదు. ఒక సెలవు రోజున ల్యాన్ కేబుల్ పెట్టి 18.04కి, అక్కడి నుంచి 20.04కి, మళ్లీ 22.04కి వరసగా ఎక్కించారు. ఉబుంటు ఎల్‌టీఎస్ (ఎక్కువ ఏళ్లు అప్‌డేట్లు వచ్చే) వెర్షన్లను మధ్యలోవి దాటేసి ఎక్కించడం కుదరదు కాబట్టి ఆ మూడు మెట్లూ ఎక్కాల్సిందే. కొత్త కర్నెల్ 5.15. ఫార్మాట్ చేసి కొత్తగా వేసుకోలేదు. అంటే /ఈటీసీ ఫోల్డర్‌లో ఎప్పుడో ఎవరో పెట్టిన సెట్టింగులన్నీ చెక్కుచెదరకుండా కొత్త సిస్టమ్‌లోకి వచ్చేశాయి. దీన్ని గుర్తుంచుకోండి, కేసు తాళం ఇక్కడే ఉంది.

వచ్చిన ఫిర్యాదు

"పాస్‌వర్డ్ కరెక్టే కొడుతున్నానండీ, మళ్లీ మళ్లీ అడుగుతూనే ఉంది." ల్యాప్‌టాప్ వాళ్లు చెప్పిన మొదటి మాట ఇది. రూటర్ పాస్‌వర్డ్ అప్పటికే మూడుసార్లు మార్చారు. ప్రతిసారీ ఇంట్లో ఫోన్లన్నిటికీ, టీవీకీ కొత్త పాస్‌వర్డ్ కొట్టుకోవాల్సి వచ్చింది. అయినా ల్యాప్‌టాప్ మాట వినలేదు. రూటర్‌ను ఆనుకుని కూర్చుంటే మాత్రం కనెక్ట్ అవుతుంది. పక్క గదిలోకి వెళ్తే లిస్టులో తమ నెట్‌వర్క్ పేరు ఒకసారి కనబడుతుంది, ఒకసారి మాయమవుతుంది.

పాస్‌వర్డ్ అడగడం చూసి పాస్‌వర్డే తప్పనుకోవడం సహజం. నిజానికి వైఫైలో పాస్‌వర్డ్ సరిచూసుకునే తంతు నాలుగు మెసేజ్‌ల మార్పిడి. సిగ్నల్ మరీ బలహీనమైతే వాటిలో ఒకటో రెండో దారిలో పోతాయి. అవతలి నుంచి జవాబు రాకపోతే కారణం పాస్‌వర్డ్ తప్పు కావడమా, ప్యాకెట్ పోవడమా అన్నది కంప్యూటర్ తేల్చుకోలేదు. లాగ్‌లో "నాలుగు మెట్ల హ్యాండ్‌షేక్ విఫలమైంది, కీ తప్పు అయ్యుండొచ్చు" అన్న అర్థం వచ్చే లైన్ పడుతుంది, తెర మీద పాస్‌వర్డ్ పెట్టె తెరుచుకుంటుంది. "అయ్యుండొచ్చు" అన్న పదాన్ని ఎవరూ చదవరు.

మా దగ్గరికి రాకముందు జరిగినవి

తెలిసిన కుర్రాడొకడు సాయం చేశాడు. కష్టపడ్డాడు కూడా, కాబట్టి ఇది అతన్ని తప్పుపట్టడం కోసం రాసింది కాదు. వరసగా చేసినవి ఇవి: నెట్‌వర్క్ మేనేజర్‌లో పవర్ సేవింగ్ ఆపాడు. రూటర్ చానల్ 11 నుంచి 6కి మార్చాడు. యాంటెన్నా ఎంపిక సెట్టింగ్ ఒకటి ఎక్కడో చూసి పెట్టాడు, "తేడా రాలేదు" అని వదిలేశాడు. చివరికి ఇంటర్నెట్‌లో దొరికిన బయటి డ్రైవర్ సోర్స్ కోడ్ దించి కంపైల్ చేయబోయాడు. ఆ కోడ్ పాతది, 5.15 కర్నెల్ మీద ఎర్రర్లతో ఆగిపోయింది. అది డీకేఎంఎస్‌లో (కర్నెల్ మారినప్పుడల్లా బయటి డ్రైవర్లను మళ్లీ కంపైల్ చేసే ఏర్పాటులో) సగం నమోదై ఉండిపోవడంతో, ప్రతి కర్నెల్ అప్‌డేట్‌లోనూ బిల్డ్ విఫలమైందన్న ఎర్రర్ కొత్తగా మొదలైంది. ఒక రోగానికి రెండో రోగం తోడు.

వీటిలో పవర్ సేవింగ్ గురించి కొంచెం ఆగి చెప్పాలి. లైనక్స్‌లో వైఫై సమస్య అనగానే అందరూ ఇచ్చే మొదటి సలహా అదే. /ఈటీసీ/నెట్‌వర్క్‌మేనేజర్/కాన్ఫ్.డి (నెట్‌వర్క్‌లోని ఎన్, మేనేజర్‌లోని ఎం పెద్ద అక్షరాలు) ఫోల్డర్‌లో వైఫై పవర్‌సేవ్ విలువ 3 ఉంటే ఆన్, 2 ఉంటే ఆఫ్. ఉబుంటులో మామూలుగా 3 ఉంటుంది. దాన్ని 2 చేస్తే కొన్ని చిప్‌లలో కనెక్షన్ తెగిపోవడం, పింగ్ (చిన్న ప్యాకెట్ పంపి జవాబు కోసం చూడటం) సమయం ఎగుడుదిగుడు కావడం నిజంగానే తగ్గుతాయి. రేడియోను మధ్యమధ్యలో నిద్రపుచ్చడం ఆపుతుంది కాబట్టి. కానీ మెలకువగా ఉన్న రేడియోకు ఎంత సిగ్నల్ అందుతోంది అన్నదాన్ని ఆ సెట్టింగ్ మార్చదు. ఇక్కడి ఫిర్యాదు దూరానికి సంబంధించినది: దగ్గరుంటే పలుకుతుంది, జరిగితే పలకదు. నిద్రకు దూరంతో పని లేదు. ఫిర్యాదును ఒకసారి నెమ్మదిగా విని ఉంటే ఈ మెట్టు దగ్గర ఆగేవారు కాదు.

మొదటి చూపు

పని మొదలుపెట్టే ముందు సెట్టింగ్ ఏదీ ముట్టుకోలేదు. ఉన్న స్థితిని రాసుకోవడమే.

కార్డు కనబడుతోందా, డ్రైవర్ పట్టుకుందా అన్నదానికి "ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే". రియల్‌టెక్ ఆర్‌టీఎల్8723బీఈ, గుర్తింపు సంఖ్య 10ఈసీ:బీ723, వాడుతున్న డ్రైవర్ ఆర్‌టీఎల్8723బీఈ. కర్నెల్‌తో వచ్చే డ్రైవరే, బయటిది కాదు. "ఆర్‌ఎఫ్‌కిల్ లిస్ట్"లో సాఫ్ట్ బ్లాక్ లేదు, హార్డ్ బ్లాక్ లేదు. కర్నెల్ లాగ్ చూపే "డీమెసేజ్"లో (కొట్టాల్సింది డీఎంఈఎస్‌జీ) ఫర్మ్‌వేర్, అంటే కార్డు లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్, దొరకలేదన్న గోల లేదు, ఫైల్ చక్కగా లోడ్ అయింది. ఇక్కడికి మూడు అనుమానాలు కొట్టేశాం: కార్డు చావలేదు, స్విచ్ ఆఫ్‌లో లేదు, ఫర్మ్‌వేర్ ఉంది.

ఈ చిప్ స్వభావం కొంత తెలిసి ఉండాలి. 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కటే పడుతుంది, 5 గిగాహెర్ట్జ్ దీనికి కనబడదు. ఒకే స్ట్రీమ్, అంటే ఒకసారికి ఒకే డేటా ధార. 20 మెగాహెర్ట్జ్ వెడల్పులో గరిష్ఠ లింక్ వేగం 72.2 మెగాబిట్లు. బ్లూటూత్ కూడా ఇదే కార్డులో ఉంది. రూటర్‌లో 5 గిగాహెర్ట్జ్‌కు వేరే పేరు పెట్టి ఉంటే ఆ పేరు ఈ ల్యాప్‌టాప్‌లో ఎన్నటికీ రాదు, అది రోగం కాదు.

చానల్ 12, 13ల అనుమానం కూడా ఒకటి తీర్చుకోవాలి. మన దేశంలో ఆ చానళ్లు వాడుకోవచ్చు. కానీ కంప్యూటర్‌లో దేశం కోడ్ 00గా ఉంటే ఆ చానళ్ల మీద కార్డు తానుగా పలకరించదు, విని ఊరుకుంటుంది. దాంతో నెట్‌వర్క్ పేరు కనబడటం, కనెక్ట్ కావడం తేడాగా ఉంటుంది. "ఐడబ్ల్యూ రెగ్ గెట్" చూస్తే కోడ్ ఐఎన్ అనే ఉంది, రూటర్ చానల్ 6లో ఉంది. ఈ దారి మూసేశాం.

ఇక కొలత. కూర్చునే చోటు రూటర్‌కు నాలుగు మీటర్ల దూరం, మధ్యలో ఒక ఇటుక గోడ. కమాండ్:

ఐడబ్ల్యూ దేవ్ డబ్ల్యూఎల్ఓ1 లింక్

సిగ్నల్ -86 డీబీఎం (సిగ్నల్ బలం కొలత, సున్నాకు దగ్గరయ్యే కొద్దీ బలం ఎక్కువ), వేగం 6.5 మెగాబిట్లు. అదే కుర్చీలో పెట్టిన ఫోన్‌లో -47. రూటర్‌ను పింగ్ చేస్తే వందలో 38 ప్యాకెట్లు పోయాయి.

-86 అన్న అంకె దగ్గర కాసేపు ఆగాలి. డీబీఎం లెక్కలో ప్రతి 10కి బలం పది రెట్లు మారుతుంది. ఫోన్‌కు, ల్యాప్‌టాప్‌కు తేడా 39. అంటే దాదాపు ఎనిమిది వేల రెట్లు. ల్యాప్‌టాప్ యాంటెన్నా ఫోన్ కంటే కొంచెం మందంగా ఉండటం మామూలే, ఐదో పదో తేడా రావచ్చు. నలభైకి దగ్గరగా తేడా రావడం సెట్టింగ్ వల్ల, రద్దీ వల్ల జరిగే పని కాదు. రేడియోకు యాంటెన్నాయే తగిలించి లేనప్పుడు వచ్చే అంకె అది. తీగ లేని కనెక్టర్ నుంచి కారే కొద్దిపాటి సిగ్నల్‌తో రూటర్ పక్కన పని నడిచిపోతుంది. ఫిర్యాదు సరిగ్గా అదే కదా.

విండోస్ సాక్ష్యం

యాంటెన్నా లేనట్టు ప్రవర్తించడానికి రెండు కారణాలు ఉండొచ్చు. తీగ నిజంగానే ఊడి ఉండాలి, లేదా తీగ ఉన్న కనెక్టర్‌ను వదిలేసి ఖాళీ కనెక్టర్ వైపు రేడియో చూస్తూ ఉండాలి. మొదటిదైతే ల్యాప్‌టాప్ విప్పాలి. రెండోదైతే స్క్రూడ్రైవర్‌తో పని లేదు.

విప్పకుండా తేల్చుకోవడానికి విండోస్ ఉంది. అదే కుర్చీ, అదే రూటర్, అదే కార్డు. విండోస్‌లో "నెట్‌ష్ డబ్ల్యూలాన్ షో ఇంటర్‌ఫేసెస్" కొడితే సిగ్నల్ 96 శాతం. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం ఆ శాతంలో సున్నా అంటే -100 డీబీఎం, వంద అంటే -50. కాబట్టి 96 అంటే -52. తీగ గట్టిగానే ఉంది. లైనక్స్‌లో నెట్‌వర్క్ మేనేజర్ చూపే శాతం వేరే లెక్క, రెండు సిస్టమ్‌ల శాతాలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. డీబీఎంలోకి మార్చుకున్నాకే పోల్చాలి.

ఈ ఒక్క పరీక్షతో రూటర్, గోడలు, తీగ, కార్డు అన్నీ నిర్దోషులయ్యాయి. మిగిలింది లైనక్స్ డ్రైవర్ ఒక్కటే, అందులోనూ యాంటెన్నాను ఎంచుకునే భాగం.

ఇక్కడ విప్పి చూద్దామన్న ఆశ కలుగుతుంది. కార్డు మీద బఠాణీ గింజకన్నా చిన్న కనెక్టర్లు రెండు ఉంటాయి, తీగ ఒకదానికే ఉంటుంది. దాన్ని రెండోదానికి మార్చి నొక్కితే లైనక్స్‌లో వైఫై ఎగిరి గంతేస్తుంది. కానీ అప్పుడు విండోస్‌లో సిగ్నల్ పడిపోతుంది. పైగా ఆ యూ.ఎఫ్‌ఎల్ కనెక్టర్లను తయారీదారులు చెప్పే లెక్క ప్రకారం ముప్పైసార్లకు మించి ఊడదీసి పెట్టకూడదు. గోరు జారితే మధ్యలోని సూది వంగుతుంది, కార్డే పోతుంది. సాఫ్ట్‌వేర్‌తో అయ్యే పనికి ఈ తెగింపు అనవసరం అనుకుని మూత ముట్టుకోలేదు.

ఈ చిప్‌కు తెలిసిన రోగం

ఆర్‌టీఎల్8723బీఈలో రెండు యాంటెన్నాలకు చోటు ఉంది. డబ్బు మిగుల్చుకోవడానికి కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఒక్క యాంటెన్నాయే పెట్టారు. అంతవరకు ఫర్వాలేదు. కార్డులోని ఈఫ్యూజ్‌లో, అంటే ఫ్యాక్టరీలోనే ఒకసారి రాసేసే చిన్న జ్ఞాపకంలో, యాంటెన్నా ఏ వైపు ఉందో రాయాల్సిన చోట అవతలి వైపు రాసేశారు. లైనక్స్ డ్రైవర్ ఈఫ్యూజ్ మాట నమ్మి ఖాళీ కనెక్టర్ వైపు తిరుగుతుంది.

దీనికి 2016లో లారీ ఫింగర్ డ్రైవర్‌లో ఒక కొత్త మీట పెట్టారు. రియల్‌టెక్ లైనక్స్ డ్రైవర్లను ఏళ్ల తరబడి చూసుకున్నది ఆయనే, 2024లో కన్నుమూశారు. ఆ మీట పేరు యాంట్_సెల్. 0 అంటే ఈఫ్యూజ్ చెప్పినట్టు నడువు, 1 గానీ 2 గానీ ఇస్తే ఈఫ్యూజ్‌ను పక్కన పెట్టి ఆ వైపు తిరుగు అని. ల్యాప్‌టాప్ విప్పితే వారంటీ పోవచ్చు, తీగ మార్చితే విండోస్ చెడుతుంది కాబట్టే ఈ మార్గం పెట్టాల్సి వచ్చింది.

కథ అక్కడితో అయిపోలేదు. డ్రైవర్ లోపల బ్లూటూత్‌తో సర్దుకుపోయే కోడ్ ఒకటి ఉంది. ఈ 1, 2 అంకెలను అందులో కొన్నిచోట్ల ఒక అర్థంలో, కొన్నిచోట్ల ఇంకో అర్థంలో వాడేశారు. దిద్దుబాటు మీద దిద్దుబాటు పడింది. చివరికి 2018లో రెండు కనెక్టర్ల వైపులకు మెయిన్, ఆక్స్ అని స్పష్టమైన పేర్లు పెట్టి శుభ్రం చేశారు. ఆ తర్వాతి కర్నెల్‌లలో 1 అంటే ఆక్స్, 2 అంటే మెయిన్. పేరులోని వరసకు తలకిందులు, ఇది గుర్తుపెట్టుకోవడం కష్టమే. అప్పటి పరీక్షల్లో సరైన వైపుకూ తప్పు వైపుకూ మధ్య తేడా 50 డెసిబెల్స్ దాకా వచ్చింది.

దీనివల్ల పాత కర్నెల్‌లో పనిచేసిన అంకె కొత్త కర్నెల్‌లో సరిగ్గా తప్పు వైపు చూపించే అవకాశం ఉంది. ఇంటర్నెట్‌లో "2 పెట్టండి, నాకు పనిచేసింది" అని ఒకరు, "1 పెట్టండి" అని ఇంకొకరు చెబుతుంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, కర్నెల్‌లు వేరు.

వేసిన మందు ఎందుకు దిగలేదు

ఆ కుర్రాడు యాంట్_సెల్ పెట్టి చూశానన్నాడు. ఏ అంకె అని అడిగితే ముందు 2, తర్వాత 1 అన్నాడు. రెండూ పెట్టి చూసినా మారలేదంటే మన నిర్ధారణ తప్పయినా కావాలి, లేదా పెట్టింది అమలు కాకపోయినా ఉండాలి. ముందు రెండోది చూశాం. డ్రైవర్ ప్రస్తుతం ఏ విలువతో నడుస్తోందో అదే చెబుతుంది:

క్యాట్ /సిస్/మాడ్యూల్/ఆర్‌టీఎల్8723బీఈ/పారామీటర్స్/యాంట్_సెల్

వచ్చిన జవాబు 2. కానీ అతను చివరగా పెట్టి వదిలేసింది 1.

అప్పుడు మోడ్‌ప్రోబ్ ఫోల్డర్‌లో వెతికాం. మోడ్‌ప్రోబ్ అంటే డ్రైవర్లను (వీటినే మాడ్యూళ్లు అంటారు) లోడ్ చేసే కమాండ్, వాటికి ఇచ్చే ఆప్షన్లు ఈ ఫోల్డర్‌లో ఉంటాయి:

గ్రెప్ -ఆర్ 8723 /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డి/

రెండు ఫైళ్లు దొరికాయి. యాంటెన్నా.కాన్ఫ్ అన్నది అతను కొత్తగా పెట్టింది, అందులో యాంట్_సెల్=1. ఆర్‌టీఎల్8723బీఈ.కాన్ఫ్ అన్నది పాత 16.04 రోజుల్లో ఎవరో పెట్టింది, అందులో యాంట్_సెల్=2 ఐపీఎస్=0 ఎఫ్‌డబ్ల్యూఎల్‌పీఎస్=0 (చివరి రెండూ పవర్ సేవింగ్ మీటలు). ఆ పాత ఫైల్ సంగతి సెంటర్‌లో ఎవరికీ గుర్తులేదు. ఇన్నేళ్లు వైఫై సాఫీగా నడవడానికి కారణమే ఆ ఫైల్.

ఒకే మాడ్యూల్‌కు రెండు ఫైళ్లలో ఆప్షన్లు ఉంటే మోడ్‌ప్రోబ్ ఒకటి తీసుకుని ఇంకొకటి వదిలేయదు. ఫైళ్లను పేర్ల వరసలో, ఇంగ్లీషు అక్షరక్రమంలో చదివి అన్నీ కలిపి కర్నెల్‌కు అందిస్తుంది. ఒకే ఆప్షన్ రెండుసార్లు వస్తే చివరిది నెగ్గుతుంది. యాంటెన్నా పేరు ఏతో మొదలవుతుంది, ముందు వస్తుంది. ఆర్‌టీఎల్ పేరు ఆర్‌తో మొదలవుతుంది, తర్వాత వస్తుంది. కాబట్టి అతను పెట్టిన 1 మీద పాత 2 ప్రతి బూట్‌లోనూ కూర్చుంటోంది. 2 పెట్టినా 2, 1 పెట్టినా 2. తేడా ఎలా వస్తుంది?

"మోడ్‌ప్రోబ్ -సీ" ఔట్‌పుట్‌ను 8723తో వడపోస్తే ఈ రెండు లైన్లూ ఒకదాని కింద ఒకటి కనబడతాయి. కొత్త ఫైల్ పెట్టాక మొదట చేయాల్సిన తనిఖీ ఇది. ఫైల్ పేరు .కాన్ఫ్‌తో ముగియకపోతే మోడ్‌ప్రోబ్ దాన్ని చదవదు కూడా, ఆ పొరపాటు కూడా చాలాసార్లు కనబడుతుంది.

పనిచేసింది

ఫైళ్లను ఇంకా ముట్టుకోకుండా ముందు చేత్తో పరీక్ష. మోడ్‌ప్రోబ్ కమాండ్ పక్కన ఇచ్చిన ఆప్షన్ ఫైళ్లలోని వాటి తర్వాత చేరుతుంది, అందుకే అది నెగ్గుతుంది. కర్నెల్‌లో శాశ్వతంగా ఏదీ మారదు, రీస్టార్ట్ చేస్తే పోతుంది. పరీక్షకు ఇంతకన్నా సురక్షితమైన దారి లేదు. ఇంటర్నెట్ అవసరం పడితే ఉంటుందని ల్యాన్ కేబుల్ మాత్రం పెట్టే ఉంచాం.

సుడో మోడ్‌ప్రోబ్ -ఆర్ ఆర్‌టీఎల్8723బీఈ
సుడో మోడ్‌ప్రోబ్ ఆర్‌టీఎల్8723బీఈ యాంట్_సెల్=1

పది సెకన్లలో తనే కనెక్ట్ అయింది, పాస్‌వర్డ్ అడగలేదు. సిస్ ఫైల్ చూస్తే 1. సిగ్నల్ -45 డీబీఎం.

ఒక్కసారి బాగుపడితే నమ్మకూడదు. తీసి 2 పెట్టాం: -87. 0 పెట్టాం: -86. మళ్లీ 1: -44. ప్రతి విలువకూ మూడేసి సార్లు కొలిచాం, ఒకే విలువలో మూడు నాలుగు డెసిబెల్స్ అటూఇటూ ఊగింది గానీ ఒక గుంపు ఇంకో గుంపు దగ్గరికి కూడా రాలేదు. 0కీ 2కీ ఒకే ఫలితం రావడం కూడా నిర్ధారణను బలపరిచింది: ఈఫ్యూజ్ మెయిన్ అంటోంది, 2 కూడా మెయిన్ అంటోంది, తీగ ఉన్నది ఆక్స్‌కు.

శాశ్వతం చేయడానికి యాంటెన్నా.కాన్ఫ్‌ను తీసేశాం. ఆర్‌టీఎల్8723బీఈ.కాన్ఫ్ ఒక్కదాన్నే ఉంచి, అందులో ఒకే లైన్:

ఆప్షన్స్ ఆర్‌టీఎల్8723బీఈ యాంట్_సెల్=1

పాత ఫైల్‌లోని ఐపీఎస్=0, ఎఫ్‌డబ్ల్యూఎల్‌పీఎస్=0లను కావాలనే వదిలేశాం. వాటి అవసరాన్ని ఎవరూ విడిగా పరీక్షించలేదు, వెంటబడి వచ్చాయంతే. ఒక రోజు అలా నడిపాక చూస్తే సిగ్నల్ బాగున్నా పింగ్ 3 నుంచి 120 మిల్లీసెకన్ల మధ్య గెంతుతోంది. ఆన్‌లైన్ క్లాసుల్లో మాట మధ్యలో మింగినట్టు వినిపిస్తోందన్నారు. ఎఫ్‌డబ్ల్యూఎల్‌పీఎస్=0 ఒక్కటే తిరిగి చేర్చాం, పింగ్ 2 నుంచి 6 మధ్య కుదురుకుంది. ఇది ఫర్మ్‌వేర్ చేసే పవర్ సేవింగ్‌ను ఆపుతుంది. బ్యాటరీ కాస్త ఎక్కువ తాగుతుంది, ఆ ల్యాప్‌టాప్ ఎలాగూ ఛార్జర్ మీదే ఉంటుంది. ఐపీఎస్ అవసరం పడలేదు, చేర్చలేదు. పవర్ సేవింగ్ సలహా మొత్తం తప్పని కాదు మరి. అది రెండో రోగానికి మందు, మొదటిది తగ్గాక గానీ రెండోది బయటపడలేదు.

తర్వాత, డిస్క్ మౌంట్ కాకముందు బూట్‌లో వాడే ఫైళ్లలోకి కూడా ఈ సెట్టింగ్ చేరేలా "సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ" కూడా నడిపాం. వైఫై డ్రైవర్ సాధారణంగా డిస్క్ మౌంట్ అయ్యాకే లోడ్ అవుతుంది కాబట్టి ఇది లేకపోయినా నడుస్తుంది. నిమిషం పని, అనుమానం ఉంచుకోవడం ఎందుకని చేశాం. డీకేఎంఎస్‌లో సగంలో ఆగిన బయటి డ్రైవర్‌ను "డీకేఎంఎస్ స్టేటస్"తో పేరు పట్టుకుని "డీకేఎంఎస్ రిమూవ్"తో తీసేశాం. అది కంపైల్ కాకపోవడమే నయమైంది. అయి ఉంటే కర్నెల్‌లో ఉన్న డ్రైవర్ స్థానంలో అది కూర్చునేది, ప్రతి కర్నెల్ అప్‌డేట్‌కూ దాని బాగోగులు మనమే చూసుకోవాల్సి వచ్చేది. కర్నెల్‌లోనే మందు ఉన్నప్పుడు బయటి డ్రైవర్ ఆఖరి మార్గం.

రీస్టార్ట్ పరీక్షలు మూడు రకాలుగా చేయాలి. మామూలు రీస్టార్ట్, పూర్తిగా షట్‌డౌన్ చేసి తిరిగి ఆన్ చేయడం, విండోస్ నుంచి ఉబుంటులోకి రావడం. మొదటి రెండూ బాగానే ఉన్నాయి. మూడోదానిలో ఒకసారి వైఫై లిస్టే ఖాళీగా వచ్చింది. విండోస్ ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అసలు షట్‌డౌన్ కాదు, సగం హైబర్నేషన్. కార్డును తను వాడుకున్న స్థితిలోనే వదిలేసి పోతుంది. విండోస్‌లో అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్" కొట్టాం. ఆ తర్వాత ఐదుసార్లు అటూఇటూ మారినా మళ్లీ రాలేదు.

చివరి అంకెలు, అదే కుర్చీలో: సిగ్నల్ -45, లింక్ వేగం 65 నుంచి 72.2 మెగాబిట్ల మధ్య, రూటర్‌కు వంద పింగ్‌లలో నష్టం సున్నా. బ్లూటూత్ హెడ్‌సెట్ తగిలించి పెద్ద ఫైల్ దించితే వేగం సగానికి పడుతుంది. ఒకే యాంటెన్నాను వైఫై, బ్లూటూత్ వంతులేసుకుని వాడుకుంటాయి కాబట్టి దానికి సెట్టింగ్‌లో మందు లేదు. ఆ సంగతి ముందే చెప్పి పంపాం, లేకపోతే నెల తర్వాత అదే కొత్త ఫిర్యాదుగా వస్తుంది.

ఇదే పనిలో ఉన్నవాళ్లకు

డీబీఎం అంకె చూడకుండా ఏ సెట్టింగ్ మీదా చెయ్యి వేయకపోవడం మంచిది. -50 ప్రాంతంలో ఉండి తెగుతుంటే పవర్ సేవింగ్, డ్రైవర్, రూటర్ రద్దీ వైపు చూడాలి. నాలుగు మీటర్ల దూరంలో -80 దాటితే యాంటెన్నా వైపు చూడాలి. ఇది మొదటి అరనిమిషంలో తేలిపోయే విషయం, ఇక్కడ రెండు వారాలు పట్టింది.

ఇదే మీట ఆర్‌టీఎల్8723డీఈ లాంటి తోబుట్టువు చిప్‌లున్న ల్యాప్‌టాప్‌లకూ అవసరం పడొచ్చు. మీట ఉందో లేదో "మోడ్ఇన్ఫో -పీ" పక్కన మాడ్యూల్ పేరు కొడితే తెలుస్తుంది. లేని ఆప్షన్‌ను ఫైల్‌లో పెడితే డ్రైవర్ దాన్ని పట్టించుకోదు, "తెలియని పారామీటర్" అని డీమెసేజ్‌లో ఒక లైన్ రాసి ముందుకెళ్తుంది. పెట్టాం కదా అని మనం నమ్ముతూ కూర్చుంటాం.

ఇంకొకటి, వెర్షన్ పెంచే ముందు /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డి ఫోల్డర్‌ను ఒకసారి చూసుకోవాలి. అందులో ఉబుంటు తనంతట పెట్టుకున్నవి బ్లాక్‌లిస్ట్ పేరుతో మొదలయ్యే కొన్ని ఫైళ్లు, ఇంకొన్ని ఉంటాయి. ఒక ఫైల్ ఏ ప్యాకేజీదో "డీపీకేజీ -ఎస్" (ఇక్కడ ఎస్ మాత్రం పెద్ద అక్షరం) పక్కన ఆ ఫైల్ పేరు కొడితే తెలుస్తుంది. ఏ ప్యాకేజీకీ చెందని ఫైల్ అంటే చాలావరకు ఎవరో మనిషి చేత్తో పెట్టింది, దాని వెనక ఒక కథ ఉందన్నమాట.

ఆ కథ మళ్లీ పోకుండా ఫైల్‌లోనే రాసి పెట్టాం. # గుర్తుతో మొదలయ్యే లైన్లను మోడ్‌ప్రోబ్ చదవదు, మనుషులు చదువుతారు. ఇప్పుడు ఆ ల్యాప్‌టాప్‌లో ఆర్‌టీఎల్8723బీఈ.కాన్ఫ్ ఇలా ఉంది:

# ఒక్క యాంటెన్నాయే ఉంది, ఆక్స్ వైపు. ఈఫ్యూజ్ తప్పు.
# కర్నెల్ 5.15లో కొలిచినవి: 0 → -86, 1 → -45, 2 → -87
# కర్నెల్ మారాక సిగ్నల్ పడితే ముందు మిగతా అంకెలు చేత్తో పరీక్షించాలి
# ఎఫ్‌డబ్ల్యూఎల్‌పీఎస్=0 పింగ్ గెంతకుండా, సిగ్నల్‌కు కాదు
ఆప్షన్స్ ఆర్‌టీఎల్8723బీఈ యాంట్_సెల్=1 ఎఫ్‌డబ్ల్యూఎల్‌పీఎస్=0